మూడో చుక్క

ఆ వానాకాలమంతా మా ఇంట్లో అన్నం పులిసిన పాల వాసన కొట్టింది. వదిన గిన్నెలన్నీ రోజుకు రెండుసార్లు వేన్నీళ్లతో కడిగేది. అమ్మ వంటింటి కిటికీకి తడిగుడ్డ వేలాడదీసింది. అయినా ముద్ద నోటి దగ్గరికి వెళ్లేలోపు వాసన అక్కడికి చేరిపోయేది. అది అన్నంలో లేదని, నా గోళ్ల సందుల్లో ఉందని నాకు తెలుసు. తెలిసీ పైకి అనలేదు. అంటే నా కంచం గుమ్మం బయట పెడతారు.

మా ఇంటి ముందు భాగమే షెడ్డు. వెనక రెండు గదులు, వంటిల్లు. మధ్యలో ఒక తలుపు ఉంది, అది ఏనాడూ పూర్తిగా పడేది కాదు. ఊళ్లో బళ్లన్నీ బాగుచేసే ఇంట్లో తలుపు బాగుచేసే తీరిక ఎవరికీ లేదు. వానలు మొదలైన వారానికి అన్నయ్య ప్రమాదంలో దెబ్బతిన్న ఒక పాల వ్యానును కొని, గొలుసు కట్టి లాక్కొచ్చి షెడ్డు పక్కన ఖాళీ జాగాలో నిలబెట్టాడు. ముందు భాగం పిడికిట్లో నలిపి పారేసిన కాగితంలా ఉంది. ప్రమాదం జరిగిన రోజున క్యాన్లలోంచి ఒలికిన పాలు సీట్ల దూదిలోకీ, నేల మీది చాప కిందికీ ఇంకి, నెల రోజులుగా అక్కడే కుళ్లుతున్నాయి.

"మన బండీ ఇదే మోడల్. ఇప్పుడెక్కడా తయారు కావట్లేదు. పదేళ్లపాటు స్పేర్ల గొడవ లేదింక," అన్నాడు అన్నయ్య, కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు దాని చుట్టూ తిరుగుతూ.

మనిషి కాలు పోగొట్టుకున్న బండిని తెచ్చి గుమ్మంలో పెడతారా అని వదిన అడిగింది. కాలు బండిలో పోలేదు, ఆసుపత్రిలో తీశారు అన్నాడు అన్నయ్య. తన మాటకు తనే నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక నోట్లో ఏదో జిడ్డు మిగిలినట్టయింది.

కాలు పోయింది దాన్ని నడిపినాయనకి. సొంత బండి. నేను ఆయన్ను బాబాయ్ అనేవాణ్ణి. పదిహేనేళ్లుగా మా షెడ్డుకే వచ్చేవాడు. ఒక వేకువన దిగుడు రోడ్డు మీద బండి ఆగకుండా పోయి గోడకు గుద్దుకుంది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. వచ్చి చూసిన పోలీసులకు ముందు భాగమంతా నుజ్జయి, బ్రేకు గొట్టాలు తెగి కనిపించాయి. గుద్దుకున్నాక తెగాయో, ముందే ఏమైనా అయిందో ఎవరూ పట్టించుకోలేదు. డ్రైవరు నిద్రపోయాడని రాసుకుని వెళ్లిపోయారు.

విప్పే పని నాది. రెండు కుప్పలు వేయాలి: ఉంచేవి, పారేసేవి. మూతికి గుడ్డ కట్టుకుని మొదట చాప లేపాను. దాని అడుగున పెరుగులా గడ్డకట్టిన పొరలో తెల్లటి పురుగులు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. బయటికి పరిగెత్తి గోడ పక్కన వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చి మళ్లీ లేపాను. సీటు వెనక తల ఆనే చోట నూనె మరక ఉంది, మనిషి తల అంత గుండ్రంగా. పెడళ్ల మధ్య ఇరుక్కుని ఒక చెప్పు దొరికింది. కుడికాలిది. దాన్ని ఏ కుప్పలో వేయాలో తెలియలేదు. చివరికి స్పేర్ల బల్ల మీద, హెడ్‌లైట్ల పక్కన పెట్టాను.

ఉంచడమా, పారేయడమా అన్నది మా ఇంట్లో ఎప్పుడూ ఉండే ప్రశ్నే. నాన్న దానికి పద్ధతులు పెట్టి పోయాడు. ఒకటి చెబుతాను. బ్రేకు తొక్కినప్పుడు ఆయిల్ వెళ్లి చక్రం దగ్గర ఒక చిన్న ఇనుప గొట్టంలో ఒత్తిడి పెడుతుంది. వీల్ సిలిండర్ అంటాం. అరచేతిలో ఇమిడిపోతుంది. అరిగితే లోపల గరుకు కాగితంతో సానపట్టి, కొత్త రబ్బర్లు వేసి మళ్లీ వాడుకోవచ్చు. కానీ సానపట్టిన ప్రతిసారీ లోపలి బెజ్జం వెంట్రుకవాసి పెద్దదవుతుంది; మరీ పెద్దదైతే రబ్బరు పట్టక ఆయిల్ కారిపోతుంది, బ్రేకు పడదు. అందుకని సానపట్టినప్పుడల్లా దాని మొహం మీద పంచ్ మొన ఆనించి సుత్తితో ఒక చుక్క కొట్టాలి. మూడో చుక్క పడిందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టు. పాత ఇనుములో పారేయాలి.

మూడు చుక్కలవి పారేసే పని నాన్న నాకు అప్పగించాడు. నేను పారేయలేదు. ఒక పెయింటు డబ్బాలో వేసి బెంచీ కిందికి తోసేవాణ్ణి. అమ్మ ఎప్పుడైనా అడిగితే, "ఉంటే నిన్నేమైనా అన్నం అడుగుతున్నాయా?" అనేవాణ్ణి. పనికిరాదని తేల్చేయడమంటే నాకు భయం. నన్ను కూడా ఎవరో అలా తేల్చేస్తారని చిన్నప్పటి నుంచీ ఉన్న భయం కావచ్చు. నేను ఎడమచేతివాటం మనిషిని. షెడ్డుకు వచ్చేవాళ్లు నన్ను పుర్రచెయ్యి అనే పిలిచేవారు. పనిముట్లన్నీ కుడిచేతివాళ్లకే తయారైనచోట నా చెయ్యి ఎప్పుడూ ఒక తప్పు విడిభాగంలాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చినప్పుడు బాబాయ్ వచ్చాడు. చంకల్లో రెండు కర్రలు. ఖాళీ జాగాలో బురదకి కర్రలు దిగబడుతున్నాయి. వెళ్లి పట్టుకోవాలి. నేను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను, ఆ తుడుచుకోవడం ఎంతకీ పూర్తి కాలేదు. ప్యాంటు కుడికాలును పైకి మడిచి పిన్ను పెట్టుకున్నాడు. ఆ మడతలో ఏదో కదిలినట్టు అనిపించి చూపు పక్కకి తిప్పుకున్నాను. అందుకు నా మీద నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినా మళ్లీ అటు చూడలేకపోయాను.

"ఎంతవరకొచ్చింది అబ్బాయ్, పోస్టుమార్టం?" అన్నాడు.

నేను ఇనుప స్టూలు తుడిచి వేశాను. కూర్చుని చుట్టూ చూశాడు. బల్ల మీద చెప్పు కనబడింది.

"దాన్ని కూడా స్పేరు కింద ఉంచావా?" నిజంగానే నవ్వాడు. "తప్పు కాలిది దాచావు. నాకింక ఎడమదే కావాలి."

తర్వాత చాలాసేపు వాన గురించీ, వేరే పాల వ్యానువాళ్లు నీళ్లు ఎలా కలుపుతారో ఆ కబుర్లూ చెప్పాడు. లేవబోయే ముందు అసలు మాట వచ్చింది. అది కూడా నా వైపు చూడకుండా, వ్యాను వైపు చూస్తూ చెప్పాడు.

"మొదట్లో నేను నిద్రపోలేదనే చెప్పాను. తొక్కితే కాలికి నేల తగిలింది, బ్రేకు తగల్లేదు అన్నాను. నిద్రలో అలాగే అనిపిస్తుందిలే అన్నారు. అందరూ అనగా అనగా ఇప్పుడు నాక్కూడా కునుకు పట్టినట్టే గుర్తొస్తోంది. మీ పిన్ని అయితే పొయ్యి మీద పాలు పెట్టి కాస్త చూస్తుండమని కూడా అనదు. నేనక్కడే కూర్చుని ఉన్నా, పక్కింటావిణ్ణి పిలిచి అప్పగించి వెళ్తుంది."

ఊరికి పాలు పోసిన మనిషి. ఆ మాట ఆయన అనలేదు, నాకే తోచింది.

"నువ్వే కదా విప్పుతున్నావు. ఏమైనా కనపడితే చెప్తావా?"

ముందంతా నుజ్జయింది బాబాయ్, వెనక చక్రాలు ఇంకా విప్పలేదు, విప్పితే చెప్తాను అన్నాను. ఆయన కర్రలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన కూర్చున్న స్టూలును నేను కిరోసిన్ గుడ్డతో తుడిచాను. ఎందుకు తుడిచానో ఇప్పటికీ చెప్పలేను.

నాలుగు రోజుల తర్వాత వెనక ఎడమ చక్రం విప్పాను. బ్రేకు డ్రమ్ము ఊడదీస్తే లోపలంతా తడి. దుమ్మూ ఆయిలూ కలిసి నల్లటి ముద్దలా పేరుకుపోయి ఉంది. అది ఒక్కరోజున కారిన ఆయిల్ కాదు. కొన్ని వారాలుగా కారింది. సిలిండర్ విప్పి కిరోసిన్‌లో కడిగాను. మొహం మీద రెండు చుక్కలున్నాయి. మూడోది ఉండాల్సిన చోట ఇనుము మెరుస్తోంది. వేలితో తడిమాను. ఎవరో ఆకురాయితో చుక్కను అరగదీశారు. ఆ గీతలు వేలికి తగిలాయి.

అన్నయ్య, అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఆ పేరు ఎప్పటినుంచో గుమ్మం అవతల నిలబడి పిలుపు కోసం చూస్తున్నట్టు వచ్చేసింది. ఆ ముక్క ఎప్పుడు బిగించాం, ఆ రోజు షెడ్డులో ఎవరున్నారు అని నేను వెతుక్కోలేదు.

సిలిండర్‌ను జేబులో వేసుకున్నాను. పది రోజులు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ పది రోజులూ అన్నయ్యను చూశాను. అతను తినేటప్పుడు దవడ దగ్గర వచ్చే చప్పుడు. గోళ్ల చుట్టూ నల్లటి గీత ఉన్న వేళ్లు అన్నంలోకి దిగి, ముద్ద చేసి, నోట్లోకి వెళ్లి, తడిగా బయటికి రావడం. తిన్నాక అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుని, వచ్చినదాన్ని చూసి, గోడకు రాయడం. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాను, ఇవన్నీ మొదటిసారి చూస్తున్నట్టున్నాయి. అతని తువ్వాలు తగిలితే చొక్కా మార్చుకునేవాణ్ణి. రోత పడటంలో ఒక సుఖం ఉంది. ఎదుటివాడు ఎంత మురికిగా కనిపిస్తే మనం అంత శుభ్రంగా ఉన్నట్టుంటుంది. ఆ పది రోజులు నేను చాలా శుభ్రంగా ఉన్నాను. పులిసిన పాల వాసన కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

పదకొండో రోజు మధ్యాహ్నం అన్నయ్య అన్నం తింటుంటే వెళ్లి సిలిండర్‌ను అతని కంచం పక్కన పెట్టాను.

"తినేచోట పెడతావేంట్రా," అన్నాడు.

"బాబాయ్ బండి వెనక చక్రంలోది. మూడో చుక్క అరగదీసి బిగించావు."

వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అన్నయ్య దాన్ని ఎంగిలి కాని చేత్తో తీసుకుని, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. నా మొహం కూడా ఒకసారి చూశాడు. కోప్పడతాడనుకున్నాను, బుకాయిస్తాడనుకున్నాను. రెండూ చేయలేదు. ఎంగిలి చేత్తోనే లేచి షెడ్డులోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. బెంచీ కింది డబ్బాలోంచి ఇంకో సిలిండర్ తీసి వైస్‌లో బిగించాడు. ఆకురాయి తీసుకుని దాని మొహం మీద నాలుగుసార్లు రుద్దాడు. రెండు సిలిండర్లనూ బెంచీ మీద పక్కపక్కన పెట్టాడు. వెనక్కి వెళ్లి మిగిలిన అన్నం తిన్నాడు.

ఆకురాయి పిడికి రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి. అతను గీసిన గీతలు కుడివైపుకి వాలాయి. బాబాయ్ బండిలోవి ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

అప్పుడు అంతా గుర్తొచ్చింది, వరసగా, ఏ ముక్కా తప్పిపోకుండా. ఎండలు మండుతున్న రోజు. అన్నయ్య ఊళ్లో లేడు. బాబాయ్ నిండు క్యాన్ల బండితో వచ్చి బ్రేకు సరిగ్గా పట్టడం లేదన్నాడు. సిలిండర్ పోయింది. కొత్తది రెండు రోజులకు గానీ రాదు. ఆయన క్యాన్ల మూతల మీద తడి గోనెలు పరుస్తూ, పాలు విరిగిపోతాయి అబ్బాయ్, విరిగిపోతాయి అంటున్నాడు. నేను డబ్బా లాగి, ఉన్నవాటిలో మంచిది ఏరాను. బెజ్జంలో గోరు తిప్పి చూశాను, నున్నగా తగిలింది. బాగానే ఉంది కదా అనుకున్నాను. కానీ మూడో చుక్క నా వైపే చూస్తోంది. అది కనబడుతుంటే నా చెయ్యి బోల్టు బిగించదు. అందుకని అరగదీశాను. ఎవరినో మోసం చేయడానికి కాదు, నా కంటికి కనపడకుండా ఉండటానికి. రెండు రోజుల్లో కొత్తది వచ్చాక మార్చాలని అనుకున్నాను కూడా. కొత్తది వచ్చింది. వేరే పనిలో పడి బల్ల మీద పెట్టేశాను. అది ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది, స్పేర్లలో.

అన్నయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"పారెయ్," అన్నాడు. ఏ ఇనుప ముక్క గురించీ అతని నోట ఆ మాట నేను వినలేదు. "బండి మనది, ముక్క మనది. ఎవరికి తెలుస్తుంది?"

"చెప్తానన్నాను ఆయనకి."

"చెప్పు. చెప్తే రేపట్నుంచి ఈ షెడ్డులోకి సైకిలు కూడా రాదు. నా పిల్లలకి తిండి నువ్వు పెడతావా?" గొంతు పెంచలేదు. "చెప్పేటట్టయితే మాత్రం నీ పొయ్యి నువ్వు పెట్టుకో. నీ పుర్రచేతి పనికి నా ఇల్లు ఇవ్వను."

అతనన్నది తప్పని అనలేను. అసహ్యం వేసింది అతని మాటకు కాదు. పారెయ్ అనగానే నా లోపల ఏదో హాయిగా వదులైంది. దానికి వేసింది.

మర్నాడు వాన జోరుగా పడింది. ఖాళీ జాగాలో వ్యాను కిందినుంచి తెల్లటి నీళ్లు పారాయి. అమ్మ వెనక వసారాలో బట్టలు ఉతుకుతూ నన్ను పిలిచింది. నా ప్యాంటు జేబులోంచి తీసిన సిలిండర్ ఆవిడ చేతిలో ఉంది. సబ్బు నురగలో కడిగి, కొంగుతో తుడిచింది కూడా.

"ఇనుము జేబులో వదిలేస్తే బట్ట చిరగదట్రా? ఇది ఉంచేదా, పారేసేదా?"

ఆవిడకు నిన్నటి సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. మొహంలో ఏమీ లేదు. చెయ్యి మాత్రం చాచి ఉంచింది.

"ఉంచేదే," అన్నాను.

పెయింటు డబ్బాను ఆ పూటే పాత ఇనుము కొనేవాడి బండిలో బోర్లించాను. తర్వాత స్నానం చేసి, గోళ్లు తీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాను. ఇప్పుడు మా ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి. అమ్మ ఒక పూట అటు, ఒక పూట ఇటు తింటుంది. అన్నయ్య చెప్పినట్టే సైకిళ్లు కూడా తగ్గాయి. అతను షెడ్డు వదిలి ఇంకో చోట పనికి చేరాడు. అవన్నీ తర్వాత.

బాబాయ్ ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. లోపల వంటింట్లో పిన్ని ఉంది. పాలు కాగబోతున్న వాసన వస్తోంది, మంచి పాలే. అయినా నా గొంతులోకి చేదు ఎగదన్నింది. మింగి, జేబులోంచి సిలిండర్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

చెప్పాను. మూడు చుక్కల సంగతి, డబ్బా సంగతి, ఆకురాయి సంగతి, వచ్చి అట్టపెట్టెలో ఉండిపోయిన కొత్తదాని సంగతి. నువ్వు నిద్రపోలేదు బాబాయ్ అన్నాను. దారంతా కూడబలుక్కుంటూ వచ్చినవే కాబట్టి మాటలు తడబడకుండా వచ్చాయి. చివర్లో నా గొంతు కాస్త వణికింది. ఆ వణుకు బాగుందని నాకు అనిపించడం కూడా నేను గమనించాను. ఆయన తిడతాడనో, ఏడుస్తాడనో, పోనీలే అంటాడనో ఎదురుచూశాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

బాబాయ్ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. అరిగిన చోట బొటనవేలితో రెండుసార్లు రుద్దాడు. తర్వాత అరచేతిలో మూసుకుని లోపలికి కేకేశాడు.

"ఏమేవ్, ఇటురా."

"పొయ్యి మీద పాలున్నాయి," అంది పిన్ని లోపలినుంచి.

"నేను చూస్తాను. నువ్వొచ్చి ఇక్కడ కూర్చో."

ఆవిడ గుమ్మంలోకి వచ్చి అనుమానంగా ఆయన్నూ నన్నూ చూసింది. బాబాయ్ కర్రలు అందుకుని లేచాడు. నేను సాయం పట్టబోతే మోచేత్తో తప్పించాడు. ఆవిడ కూర్చునేదాకా ఆగాడు.

"మళ్లీ చెప్పు," అన్నాడు నాతో. "మొదట్నుంచీ. ఆవిడకి."

కర్రల చప్పుడు వంటింటి వైపు వెళ్లింది. సిలిండర్ ఆయన పిడికిట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

రెండోసారి మాటలు రాలేదు. ఎక్కడ మొదలుపెట్టినా మధ్యలోంచి మొదలుపెట్టినట్టయింది. చుక్క అంటే ఏమిటని ఆవిడ అడిగింది. పంచ్ అంటే ఏమిటని అడిగింది. ఎందుకు అరగదీశావని మాత్రం మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వేరే వేరే జవాబు చెప్పాను. మధ్య మధ్యలో ఆవిడ చెవి వంటింటి వైపు పోయేది, లేవబోయేది, మళ్లీ కూర్చునేది. నాకు చెమటలు పట్టాయి. నా ఒంటి వాసన నాకే తెలుస్తోంది, చొక్కాలోంచి, మెడ దగ్గర్నుంచి, పులిసిపోయి.

నేను చెప్పడం అయ్యేసరికి పాలు కాగాయి. పొంగలేదు.